తూటా మెడ చెక్కాలా, వద్దా? త్రీ నాట్ త్రీ చరిత్ర చెప్పే జవాబు

(వీడియోలో మాట్లాడినదాన్ని చదువుకోవడానికి వీలుగా కాస్త సర్ది ఇస్తున్నాం.)

మాచవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి ఎపిసోడ్‌కి కారణం మా మేనల్లుడు. టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అక్కడ తుపాకి కాల్చడం చాలామందికి ఆదివారం ఆట, మన దగ్గర షటిల్ ఆడినట్టు. వీడు కాల్చడంతో ఆగలేదు. కాల్చేసిన ఇత్తడి తూటాలను ఏరుకొచ్చి, ఇంట్లో మళ్లీ నింపుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి అడిగాడు: "మామయ్యా, నువ్వు చరిత్ర చెప్తావు కదా, ఇది చెప్పు. తూటా మెడ చెక్కడం వల్ల లాభం ఉందా? నెల రోజుల నుంచి రాత్రిళ్లు కూర్చుని చెక్కుతున్నా, గురిలో తేడా ఏం కనిపించట్లేదు."

నేను తుపాకి నిపుణుణ్ణి కాదు. కానీ ఈ మెడకు పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్ర తెలిస్తే వాడి ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది. ఎలాగో చూద్దాం.

ముందు మాటలు సర్దుకుందాం. తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయటికి వెళ్లేది గుండు. లోపల మందు. అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. ఈ మూడింటినీ పట్టి ఉంచేది ఇత్తడి గొట్టం. ఇంగ్లీషులో దాన్ని కేసు అంటారు. మన పల్నాడులో కేసంటే పోలీసు కేసే గుర్తొస్తుంది కాబట్టి నేను డొల్ల అంటాను. రైఫిల్ డొల్ల కింద లావుగా ఉండి, భుజం దగ్గర వంగి, పైన సన్నబడుతుంది. ఇంట్లో ఇత్తడి చెంబు ఆకారం గుర్తుతెచ్చుకోండి. ఆ సన్నటి భాగమే మెడ. గుండును పట్టుకునేది అదే. డొల్ల వెళ్లి కూర్చునే చోటు తుపాకిలోని ఛాంబర్.

ఇక మెడ చెక్కడం అంటే, మెడ గోడ మందం చుట్టూతా ఒకేలా ఉండేట్టు చిన్న కత్తి ఉన్న పరికరంతో పైపైన ఇత్తడిని తీయడం. తీసేది అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు. తల వెంట్రుక మందం కంటే తక్కువే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికైతే కావాలి. కాబట్టి ఇక్కడున్నవాళ్లు దీన్ని చరిత్రగా వినండి. ఇంట్లో ప్రయత్నించాల్సిన పని కాదు.

సరే, చరిత్రలోకి వెళ్దాం.

మన కారంపూడిలో కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి కదా. వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. కత్తి, కుంతం. వాటికి బయటి సరుకేమీ అక్కర్లేదు. పదును పోతే కమ్మరి దగ్గరికి వెళ్తే చాలు. తర్వాత వచ్చిన నాటు తుపాకి కూడా దాదాపు అంతే. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కూరి, సీసం గుండు వేసి దట్టించడం. డొల్ల లేదు, మెడ లేదు. అంటే ఆ రోజుల్లో కాల్చే ప్రతివాడూ నింపుకునేవాడే. 'రీలోడింగ్' అని వేరే పేరు పెట్టాల్సిన అవసరమే లేదు.

దీన్ని ముందు కాగితం మార్చింది, తర్వాత ఇత్తడి మార్చింది. కాగితం కథ అందరికీ తెలుసు. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం వచ్చిన తూటా అది. మందు, గుండు కలిపి కాగితంలో చుట్టి, పైన కొవ్వు పూసేవాళ్లు. దాన్ని పళ్లతో కొరకాలి. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న మాట కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో మొదలై ఎక్కడిదాకా వెళ్లిందో మనం చదువుకున్నాం. తిరుగుబాటు అణచాక ఆంగ్లేయులు ఇంకో పని చేశారు. భారతీయ సిపాయిలకు గాడులు ఉన్న రైఫిల్ బదులు గాడులు లేని నున్నటి గొట్టం తుపాకులు ఇచ్చారు. గాడులుంటే గుండు తిరుగుతూ సూటిగా, దూరం వెళ్తుంది. నున్న గొట్టంలో ఆ గురి ఉండదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

1867 ప్రాంతంలో స్నైడర్ తుపాకితో పాటు ఇత్తడి తూటా బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. పల్చటి ఇత్తడి రేకును చుట్టి చేసిన డొల్ల. ఆకారం నిటారు, మెడ లేదు. 1871లో మార్టిని-హెన్రీ రైఫిల్ వచ్చింది. గుండు సన్నబడాలి, మందు మాత్రం తగ్గకూడదు. ఏం చేశారంటే పాత లావు డొల్లనే తీసుకుని పైభాగాన్ని నొక్కి సన్నం చేశారు. బ్రిటిష్ సైన్యంలో తూటాకు మెడ వచ్చింది అలా. మెడ అందం కోసం రాలేదు, తుపాకి గొట్టం సన్నబడింది కాబట్టి వచ్చింది. మొదట మారింది తుపాకి, దాని వెనక మారింది డొల్ల. ఈ వరస ముఖ్యం.

ఆ చుట్టిన రేకు డొల్లలు 1885లో సూడాన్‌లో, అబూ క్లీ యుద్ధంలో వేడికి, ఇసుకకు ఛాంబర్‌లో ఇరుక్కుపోయాయి. శత్రువు మీదికి వస్తుంటే సైనికుడు డొల్ల ఊడదీసుకుంటూ నిలబడ్డాడు. ఆ దెబ్బతో ఒకే ఇత్తడి ముక్కను సాగదీసి చేసే గట్టి డొల్లల వైపు మళ్లారు. 1888లో .303 వచ్చింది. మన జనం నోట త్రీ నాట్ త్రీ. సన్నటి గుండు, పొడవాటి మెడ, అడుగున అంచు. దాదాపు 130 ఏళ్లు మన దేశంలో తిరిగింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 జనవరిలో.

గట్టి ఇత్తడి డొల్ల వల్ల ఇంకొకటి జరిగింది. కాల్చేవాడు ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డాడు. నాటు తుపాకికి మందు, సీసం ఉంటే చాలు. ఇత్తడి తూటా అయిపోతే మాత్రం, కొత్తది ఇచ్చేవాడు ఇవ్వకపోతే రైఫిల్ ఉత్త కర్ర.

దీనికి మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 1922 ఫిబ్రవరిలో మన పల్నాడులోనే, మించాలపాడులో, పుల్లరి కట్టం అన్న కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు పడిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు ఏం చేశాడో చూడండి. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. లెక్క వేసుకోండి, తుపాకికి వంద తూటాలు కూడా రావు. మన్యంలో విల్లంబులు చేసుకోగలరు, కత్తి కొట్టించుకోగలరు. ఇత్తడి తూటా మాత్రం మళ్లీ ఇంకో స్టేషన్‌లోనే దొరుకుతుంది. ప్రభుత్వం చేతిలో ఉన్న అసలు తాళం తుపాకి కంటే ఆ తూటాయే.

ఆ తాళాన్ని ఆంగ్లేయులు ఇంకా బిగించారు. ఇక్కడ మన మెడ మళ్లీ వస్తుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో త్రీ నాట్ త్రీ రైఫిళ్లను కొన్నింటిని మార్చి, గొట్టంలో గాడులు తీసేసి నున్నగా, లావుగా చేశారు. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ పెట్టి ఒక్కో తూటా మాత్రమే వేసే వీలు ఉంచారు. ఇదే .410 మస్కట్. పోలీసులకు, కాపలావాళ్లకు ఇవ్వడానికి. మరి దాని తూటా? త్రీ నాట్ త్రీ డొల్లే, మెడ నొక్కకుండా వదిలేసింది. ఫ్యాక్టరీలో ఆఖరి దశకు ముందు ఆపేసినట్టు, మీద నుంచి కింద దాకా దాదాపు నిటారుగా ఉంటుంది.

దీని ఫలితం చూడండి. మస్కట్ తూటా సైన్యం రైఫిల్‌లో దూరదు, మెడ ఉండాల్సిన చోట లావుగా ఉంది కాబట్టి. సైన్యం తూటా మస్కట్‌లో వేసినా గుండు ఆ లావు గొట్టంలో పట్టు లేకుండా పోతుంది, గురి ఉండదు. 1857 తర్వాత నున్న గొట్టం ఇచ్చిన ఆలోచనే ఇది, ఈసారి తూటా దాకా వచ్చింది. ఎవడి చేతిలో ఎంత బలం ఉండాలో ఒక అంగుళం లేని ఇత్తడి మెడ తేల్చేసింది.

మామూలు పౌరులకూ ఇదే లెక్క. సైన్యం వాడిన .303 పౌరుడు పెట్టుకోకూడదు. అందుకే .315 అని వేరే కొలత రైఫిల్ మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. చూడటానికి త్రీ నాట్ త్రీకి తమ్ముడిలా ఉంటుంది. దాని తూటా మాత్రం ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటా నుంచి వచ్చింది. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పనికిరాదు.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఒక్క విషయం పట్టుకోండి. మెడ గురించి నిర్ణయం ఎప్పుడూ తుపాకి గొట్టాన్ని, ఛాంబర్‌ని బట్టే జరిగింది. మెడను ఒంటరిగా చూసి ఎవరూ నిర్ణయించలేదు. మా వాడి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

కాల్చినప్పుడు మెడ దగ్గర ఏం జరుగుతుందంటే, మందు మండి వాయువు ఒత్తిడికి మెడ ఉబ్బి ఛాంబర్ గోడకు తగులుతుంది. అప్పుడే గుండును వదులుతుంది. కాబట్టి మెడకు, ఛాంబర్‌కు మధ్య కొంచెం సందు ఉండి తీరాలి. సైన్యం తుపాకిలో ఆ సందు బాగా ఎక్కువ పెడతారు. బురద, దుమ్ము, ఏ ఫ్యాక్టరీలోనో చేసిన తూటా, ఏదైనా లోపలికి పోవాలి, బయటికి రావాలి. అబూ క్లీ అనుభవం నేర్పింది అదే. త్రీ నాట్ త్రీ ఛాంబర్లు వదులుగా ఉంటాయని వాడినవాళ్లందరికీ తెలుసు. అందులో డొల్ల ముందు పాడయ్యేది మెడ దగ్గర కూడా కాదు, అడుగున అంచుకు కాస్త పైన. అక్కడ సాగి సాగి చీలుతుంది. దాని మెడను ఎంత అందంగా చెక్కినా ఆ డొల్ల ఆయుష్షు పెరగదు.

మరి మెడ చెక్కడం అనే పని ఎందుకు పుట్టింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బెంచ్‌రెస్ట్ అనే పోటీ పెరిగింది. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మీద పెట్టి, ఐదు గుళ్లో, పది గుళ్లో ఒకే రంధ్రంలో పడేట్టు కాల్చాలి. అక్కడ మనిషి చేతి వణుకు చాలావరకు తీసేశారు కాబట్టి, మిగిలిన చిన్న చిన్న తేడాలే గెలుపోటములు. వాళ్లు సైన్యానికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. వదులు ఛాంబర్ వద్దు, బిగుతు ఛాంబర్ కావాలన్నారు. 1975లో లూ పాల్మిసానో అనే డాక్టరు, ఫెరిస్ పిండెల్ అనే పనివాడు కలిసి .220 రష్యన్ అనే డొల్ల నుంచి 6 పీపీసీ తూటా తీశారు. ఆ పోటీలను అది ఏలేసింది.

ఇప్పుడు లెక్క చూడండి. 6 పీపీసీ పోటీ రైఫిల్‌లో ఛాంబర్ మెడ సాధారణంగా 0.262 అంగుళం. గుండు 0.243. చెక్కని మెడ గోడ మందం సుమారు 0.0125 అనుకుంటే, రెండు వైపులా కలిపి 0.025. మొత్తం 0.268. అది 0.262లో పట్టదు. గోడను 0.0085 దాకా చెక్కితే మొత్తం 0.260. సందు రెండు వెయ్యో వంతులు, వాళ్లకు కావాల్సింది అంతే. అంటే అక్కడ మెడ చెక్కడం మెరుగు కోసం చేసే పని కాదు, తప్పనిసరి. చెక్కకపోతే తూటా ఎక్కదు. బలవంతంగా ఎక్కితే ఇంకా ప్రమాదం. మెడ ఉబ్బడానికి చోటు లేక గుండును వదలదు, లోపల ఒత్తిడి హద్దు దాటుతుంది. తుపాకి మొహం ముందు ఉంటుందని మర్చిపోకండి.

ఇప్పుడు మా వాడి రైఫిల్ లెక్క. దుకాణంలో కొన్న మామూలు .308. ఛాంబర్ మెడ సుమారు 0.344. గుండు పెట్టాక మంచి కంపెనీ డొల్ల మెడ సుమారు 0.338. ఇప్పటికే ఆరు వెయ్యో వంతుల సందు ఉంది. వీడు గోడ నుంచి ఒక వెయ్యో వంతు చెక్కాడు. రెండు వైపులా కలిపి రెండు. సందు ఎనిమిదైంది. అంటే బెంచ్‌రెస్ట్ వాళ్లు సందు తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటును వీడు సగం మాత్రమే తెచ్చుకుని, సందు పెంచుకున్నాడు! కాల్చిన ప్రతిసారీ మెడ ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ ఎక్కువ నొక్కాలి, ఇత్తడి త్వరగా అలసి చీలుతుంది.

వాడు ఊరుకోలేదు. "అది సరే మామయ్యా, గోడ మందం సమంగా ఉంటే గుండును పట్టే పట్టు సమంగా ఉంటుంది కదా, గుండు నడిమధ్యలో కూర్చుంటుంది కదా" అన్నాడు. న్యాయమైన మాటే. మెడ ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటే గుండు వంకరగా కూర్చునే మాట నిజం. కానీ ముందు కొలవాలి. మంచి డొల్లల్లో ఆ తేడా వెయ్యో వంతు, అంతకంటే తక్కువ. చవక డొల్లల్లో ఎక్కువ. పైగా మెడ గోడ వంకరగా ఉన్న డొల్ల కింది గోడ కూడా చాలాసార్లు వంకరే. మెడ చెక్కితే కింది వంకర పోదు. అంతకంటే ఎక్కువ తేడా ఉన్న డొల్లను పక్కన పడేయడమే చవక. మెడ పట్టు సమంగా ఉండాలంటే ఇత్తడిని సరిగా కాల్చి మెత్తబరచడం, లోపలి నుంచి మాండ్రెల్‌తో సమం చేయడం ముందు చేయాల్సిన పనులు.

ఇదంతా మాట్లాడుతుంటే వాడు మధ్యలో ఇంకో రైఫిల్ సంగతి చెప్పాడు. ఎవరో పెద్దాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక పోటీ రైఫిల్ కొన్నాడట, ఇంకా కాల్చలేదట. "దానికి కొత్త డొల్లలు కొన్నా, అవి బానే ఉన్నాయి, చెక్కక్కర్లేదు" అన్నాడు. నాకు అనుమానం వచ్చి, "గొట్టం మీద ఏమన్నా అంకె కొట్టి ఉందేమో చూడరా" అన్నాను. చూశాడు. 262 అని చెక్కి ఉంది. మందు, ప్రైమర్ లేకుండా ఒట్టి గుండు మాత్రం పెట్టి ఒక తూటా ఎక్కించి చూడమన్నాను. బోల్ట్ మూయడానికి బలం పెట్టాల్సి వస్తోందన్నాడు. "ఆపెయ్" అన్నాను. ఫోన్‌లో కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

అర్థమైందా? అవసరం లేని రైఫిల్‌కు నెల రోజులు చెక్కాడు. చెక్కకపోతే ప్రాణం మీదికి వచ్చే రైఫిల్‌కు చెక్కకుండా నింపబోయాడు. రెండూ తారుమారు. తప్పు వాడి చేతిపనిలో లేదు, మెడను చూశాడు గానీ ఛాంబర్‌ను అడగలేదు.

కాబట్టి నా జవాబు ఇదీ. దుకాణంలో కొన్న మామూలు రైఫిల్‌తో సరదాకు కాల్చేవాడికి మెడ చెక్కడం దండగ. ఆ డబ్బుతో మంచి డొల్లలు, ఆ సమయంతో కాల్చే సాధన మేలు. బిగుతు ఛాంబర్ ఉన్నవాడికి అది తప్పనిసరి, అందులో చర్చే లేదు. ఒక డొల్లను నొక్కి ఇంకో కొలతకు మార్చుకునేవాడికీ అవసరం కావచ్చు, ఎందుకంటే అప్పుడు మెడ మందమవుతుంది. ఇక అనుమానం తీరనివాళ్లకు ఒక పరీక్ష: ఇరవై చెక్కినవి, ఇరవై చెక్కనివి, మిగతా అంతా ఒకటే. ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత కలిపించి కాల్చండి. కాగితం మీద తేడా కనిపిస్తే చెక్కండి.

మన హైదరాబాద్ షూటర్ల గురించి కూడా కొందరు అడుగుతారు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌లో. దాంట్లో డొల్లే లేదు. ఒలింపిక్స్‌లో ఉండే 50 మీటర్ల రైఫిల్ .22 రిమ్‌ఫైర్, దాని డొల్ల మళ్లీ నింపేది కాదు. వాళ్లకు ఈ ప్రశ్నే రాదు.

మా అల్లుడు ఆ పాత రైఫిల్‌ను తెలిసిన గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లి ఛాంబర్ కొలిపించాడు. చెక్కే పరికరం అమ్మేద్దామనుకున్నవాడు ఇప్పుడు దానికోసమే దాచుకున్నాడు. .308 డొల్లల జోలికి మాత్రం వెళ్లట్లేదు. రాత్రిళ్లు కాస్త తొందరగా పడుకుంటున్నాడని మా అక్కయ్య సంతోషం.

మీ ఇళ్లలో, ఊళ్లలో పాత మస్కట్ల గురించి, పుల్లరి రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పిన సంగతులుంటే రాసి పంపండి. మళ్లీ కలుద్దాం. సెలవు.